శాంటోరిని ద్రాక్షసీమ

శాంటోరిని ద్రాక్షసీమ గ్రీసు దేశములోని ఒక సముద్రతీర వైన్ ప్రాంతము. ఏజియన్ సముద్రములోని సైక్లడీస్ ద్వీపసమూహానికి దక్షిణపు అంచున ఉన్న తీరా ద్వీపము, దానికి ఎదురుగా ఉన్న తిరాసియా అనే చిన్న ద్వీపము ఈ ప్రాంతములో చేరి ఉన్నాయి. తీరా అనేది అధికారిక నామము. శాంటోరిని అనే పేరు 13వ శతాబ్దములో ఈ దీవులను ఆక్రమించిన వెనిస్ వారి కాలములో, సాంటా ఇరీని అనే పునీతురాలి పేరు మీద వచ్చినది. ప్రధాన ద్వీపపు వైశాల్యము సుమారు 76 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇక్కడి నివాసులు దాదాపు 15,500 మంది. 2023లో వచ్చిన సందర్శకుల సంఖ్య సుమారు 34 లక్షలని అంచనా.

ఈ సందర్శకులలో అధికశాతము చూసి వెళ్ళేది పడమటి కొండ అంచున ఉన్న తెల్లని ఇళ్ళను, నీలి గుమ్మటాల చర్చిలను, సూర్యాస్తమయమును మాత్రమే. అంచు దాటి తూర్పువైపు వాలులోకి దిగితే వేరొక శాంటోరిని కనిపిస్తుంది. బూడిదరంగు నేల మీద, పందిరి గాని కొయ్యలు గాని లేకుండా, పక్షిగూళ్ళ వలె చుట్టలు చుట్టుకొని నేలకు అంటిపెట్టుకొని ఉన్న ద్రాక్షతీగలు అక్కడ ఉన్నాయి. తెలియనివారు వాటిని ఎండిన పొదలనుకొని దాటిపోతారు. ఐరోపాలో ఎడతెగక సాగవుతున్న అతి ప్రాచీనమైన ద్రాక్షతోటలలో ఇవి కొన్నిగా పరిగణింపబడుతున్నాయి.

== నేల, గాలి, నీరు ==

శాంటోరిని ఒక అగ్నిపర్వతపు అవశేషము. క్రీ.పూ. 17-16 శతాబ్దాల ప్రాంతములో సంభవించిన మహా విస్ఫోటనములో ద్వీపపు మధ్యభాగము కూలి సముద్రములో మునిగిపోయింది. మిగిలిన అంచే నేటి నెలవంక ఆకారపు తీరా. మధ్యలో ఏర్పడిన, సముద్రము నిండిన గుంటను కాల్డెరా అంటారు. దాని పొడవు సుమారు 11 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 7 కిలోమీటర్లు. లోపలి గోడలు నీటి మీద నుండి నిట్టనిలువుగా దాదాపు 300 మీటర్ల ఎత్తు వరకు లేస్తాయి. విస్ఫోటనము జరిగిన ఖచ్చితమైన సంవత్సరముపై పురాతత్వవేత్తలకు, రేడియోకార్బన్ పరీక్షలు చేసినవారికి మధ్య వాదము ఇంకా తీరలేదు.

ఆ విస్ఫోటనము ద్వీపమంతటా మందమైన బూడిద, నురగరాయి పొరలను పరచింది. స్థానికులు ఈ నేలను ఆస్పా అంటారు. దీనిలో సేంద్రియ పదార్థము అతి తక్కువ, బంకమన్ను దాదాపు లేదు. మామూలు లెక్క ప్రకారము ఇది పనికిరాని నేల. అయితే ఈ లోపమే ద్రాక్షకు రక్షణ అయినది. 19వ శతాబ్దపు ద్వితీయార్థములో ఫిల్లోక్సెరా అనే, పేనును పోలిన పురుగు ఐరోపా అంతటా ద్రాక్ష వేళ్ళను తిని తోటలను నాశనము చేసింది. అప్పటి నుండి అక్కడి రైతులు తమ ద్రాక్షను ఆ పురుగును తట్టుకొనే అమెరికా జాతి వేళ్ళకు అంటుకట్టి పెంచుతున్నారు. బంకమన్ను లేని శాంటోరిని నేలలో ఆ పురుగు బ్రతుకలేదు. కనుక ఇక్కడి తీగలు నేటికీ తమ సొంత వేళ్ళ మీదనే నిలిచి ఉన్నాయి.

వర్షపాతము సంవత్సరానికి 400 మిల్లీమీటర్ల కంటే తక్కువ, అదియు చాలవరకు శీతాకాలములోనే పడుతుంది. నదులు, చెరువులు లేవు. త్రాగునీటికి ప్రధానముగా సముద్రపు నీటిని శుద్ధిచేయు కేంద్రాలే ఆధారము. వేసవిలో మెల్టెమి అనే ఉత్తరపు గాలి వారాల తరబడి బలముగా వీస్తుంది. ఇటువంటి చోట తీగకు దక్కే నీరు రాత్రి సమయాన సముద్రము మీదుగా వచ్చే తేమ, పొగమంచు. సూక్ష్మ రంధ్రాలతో నిండిన నురగరాయి ఆ తడిని పీల్చుకొని పగటివేళ కొద్దికొద్దిగా వేళ్ళకు అందిస్తుంది.

== గంపతీగలు ==

గాలి, ఎండ, ఇసుక, నీటికొరత అనే నాలుగింటికీ కలిపి ఇక్కడి రైతులు కనుగొన్న ఉపాయమే కులూరా అనే పెంపకపు పద్ధతి. ప్రతి శీతాకాలములో కత్తిరింపు సమయాన, ముందటి ఏడు పెరిగిన పొడవాటి కొమ్మలను వంచి, ఒకదానితో ఒకటి పెనవేసి, నేలమీద గుండ్రని గంప వలె అల్లుతారు. వసంతములో చిగుళ్ళు గంప అంచు నుండి వస్తాయి. ఆకులు పైన గొడుగు పడతాయి. గుత్తులు గంప లోపలివైపు వ్రేలాడుతూ గాలి కొట్టే ఇసుక నుండి, మధ్యాహ్నపు ఎండ నుండి తప్పించుకొంటాయి. రాత్రి తేమ కూడా గంపలో కొంతసేపు నిలుస్తుంది.

ఏటేటా ఒక చుట్టు చేరుతూ గంప పెద్దదవుతుంది. కొన్ని దశాబ్దాలు గడిచిన తరువాత వేరు నుండి కొమ్మ చివరకు రసము చేరవలసిన దూరము పెరిగి కాపు తగ్గుతుంది. అప్పుడు, సాధారణముగా 75 ఏళ్ళ ప్రాంతములో, గంపను మొదలంటా నరికివేస్తారు. పాత వేరు నుండి పుట్టిన కొత్త చిగురుతో మరల మొదటి చుట్టు మొదలవుతుంది. అందువలన పైన కనబడే మోడు వయసు వేరు, క్రింద ఉన్న వేరు వయసు వేరు. కొన్ని వేళ్ళు రెండు మూడు వందల సంవత్సరాల నాటివని తోటలవారు చెబుతారు.

ఈ పనికి యంత్రము పనికిరాదు. అల్లిక, కత్తిరింపు, కోత అన్నీ నడుము వంచి చేతితో చేయవలసినవే. ఏ కొమ్మను ఉంచాలో దేనిని తీయాలో తెలిసిన పనివారు కావాలి. మొక్కల మధ్య ఎడము ఎక్కువ కనుక దిగుబడి స్వల్పము. కోత ఆగస్టులోనే జరుగుతుంది. ఐరోపాలో ముందుగా కోతకు వచ్చే ప్రాంతాలలో ఇది ఒకటి. వాలు పొలాలను నిలబెట్టేవి సున్నము, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గట్లు. ఇటువంటి ఉత్తరాతి గోడల నిర్మాణ విద్యను 2018లో యునెస్కో గ్రీసుతో సహా ఎనిమిది దేశాల ఉమ్మడి అమూర్త వారసత్వముగా గుర్తించింది.

== వైన్ రకాలు ==

తోటలలో అత్యధిక భాగము అస్సిర్తికో అనే తెల్లద్రాక్ష. ఎంత ఎండ కాచినా పులుపు కోల్పోకపోవడము దీని ప్రత్యేకత. దీనికి తోడు ఐదానీ, అథీరీ అనే తెల్లరకాలు, మాండిలారియా, మావ్రోత్రాగనో అనే ఎర్రరకాలు కొద్దిగా పండుతాయి. శాంటోరిని పేరుతో అమ్మే పొడి తెల్ల వైన్‌కు 1971 నుండి ప్రాంతీయ నామ రక్షణ కలదు. దీని రుచిలో తీపి ఉండదు. పులుపు, కొద్దిపాటి ఉప్పదనము, రాతివాసన ఉంటాయని రుచి చూసినవారు వర్ణిస్తారు.

నిక్తేరి అనునది పాత పద్ధతిలో తయారయ్యే తెల్ల వైన్. గ్రీకులో నిక్తా అనగా రాత్రి. పగటి వేడికి రసము చెడకుండా, కోసిన పండ్లను ఆ రాత్రే త్రొక్కి రసము తీసేవారు గనుక ఆ పేరు వచ్చింది.

విన్‌సాంటో తీపి వైన్. బాగా పండిన గుత్తులను కోసి సుమారు రెండు వారాలు ఆరుబయట ఎండలో పరుస్తారు. ఎండుద్రాక్షగా మారబోతున్న ఆ పండ్ల నుండి వచ్చే కొద్దిపాటి చిక్కని రసమును పులియబెట్టి, కనీసము రెండు సంవత్సరాలు ఓక్ చెక్క పీపాలలో ఉంచుతారు. తేనె రంగుతో మొదలై వయసు పెరిగేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇటలీలోని టస్కనీ ప్రాంతములో ఇటువంటి పేరుతోనే ఒక వైన్ కలదు గాని, దాని తయారీ, ద్రాక్షరకాలు వేరు. పూర్వము శాంటోరిని నుండి ఓడలలో రష్యాకు వెళ్ళిన సరుకులో ఈ తీపి వైన్ ముఖ్యమైనది. అక్కడి ఆర్థడాక్స్ చర్చిలలో ప్రార్థనా సంస్కారానికి దీనిని వాడేవారు. 1917 విప్లవముతో ఆ విపణి మూతపడింది.

== కానవలు, వైన్‌శాలల సందర్శన ==

ద్వీపపు పాత వైన్‌శాలలను కానవ అంటారు. నురగరాయి పొరను తొలిచి చేసిన ఈ గుహలు వేసవిలోనూ చల్లగా ఉంటాయి. వీటిలో త్రొక్కుడు తొట్టి, దాని క్రింద రసము దిగే గుంట, వరుసగా పీపాలు ఉండేవి. నేడు ఎన్నో కానవలు హోటల్ గదులుగా, భోజనశాలలుగా మారినవి. పాతది చూడగోరేవారు వోథోనాస్ సమీపములోని కుట్సోయన్నోపులోస్ వైన్ ప్రదర్శనశాలకు వెళ్ళవచ్చును. నేలకు 8 మీటర్ల లోతున, సుమారు 300 మీటర్ల పొడవు గల సొరంగములో పాత పనిముట్లు, తయారీ దృశ్యాలు అమర్చబడి ఉన్నాయి.

అతినియోస్ రేవుకు పైన, కొండ అంచున ఉన్న వెనెట్సానోస్ వైన్‌శాల 1947లో నిర్మింపబడింది. విద్యుత్తు సరిగా లేని ఆ రోజులలో పండ్లు పై అంతస్తులో దించి, రసము తనంతట తానే క్రింది అంతస్తులకు జారేటట్లు కట్టడమును మలిచారు. ద్వీపములోని రైతుల సహకార సంఘము కూడా 1947లోనే ఏర్పడినది. పిర్గోస్ దగ్గర ఉన్న దాని శాల, శాంటో వైన్స్, ద్వీపములో అందరికన్నా ఎక్కువమంది వచ్చే చోటు. కాల్డెరా దృశ్యము బాగున్నను, పర్యాటక బస్సుల రద్దీలో వైన్ గురించి తెలుసుకొనే తీరిక దొరకదు. వివరముగా తెలుసుకోదలచినవారికి లోపలి గ్రామాలు మేలు. ఎపిస్కోపి గోనియాలోని ఆర్గిరోస్ (స్థాపన 1903), మోనోలితోస్ తీరములో పాత టమాటా కర్మాగారములో నడిచే గైయా, మెగలోఖోరి పరిసరాలలోని శాలలు ఈ కోవలోనివి. రుచి చూపుటకు రుసుము ఉంటుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు ముందుగా సమయము నిర్ణయించుకొని వెళ్ళడము మంచిది.

తోటలకు సాధారణముగా కంచె ఉండదు. అయినను గంపల మీద కూర్చొని, వాటిని త్రొక్కి ఛాయాచిత్రాలు తీసుకొనుట తగదు. విరిగిన చుట్టు మరల అల్లడానికి ఏళ్ళు పడుతుంది.

== పరిసరాలలో చూడదగిన ప్రదేశాలు ==

'''అక్రోతిరి''': ద్వీపపు దక్షిణ భాగాన, విస్ఫోటనపు బూడిద క్రింద భద్రముగా నిలిచిపోయిన కంచుయుగపు పట్టణము. 1967లో స్పిరిడాన్ మరినాటోస్ ఇక్కడ త్రవ్వకాలు ప్రారంభించాడు. 1974లో ఆ త్రవ్వకాల స్థలములోనే మరణించాడు. రెండు మూడు అంతస్తుల ఇళ్ళు, మురుగునీటి గొట్టాలు, ధాన్యము, నూనె, వైన్ నిలువచేసిన పెద్ద జాడీలు బయటపడినవి. మనుష్యుల అస్థిపంజరాలు మాత్రము దొరకలేదు. భూకంపాల హెచ్చరికతో జనము ముందే వెళ్ళిపోయి ఉంటారని భావిస్తారు. ద్రాక్షగుత్తులు చిత్రించిన మట్టికూజా ఇక్కడి వైన్ చరిత్ర ఎంత పాతదో తెలుపుతుంది. 2005లో రక్షణ కప్పులో ఒక భాగము కూలి ఒక సందర్శకుడు మరణించగా మూసివేయబడిన ఈ స్థలము 2012లో తిరిగి తెరువబడింది.

ఇక్కడ దొరికిన కుడ్యచిత్రాలు ఏథెన్సులోని జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలోను, ఫిరాలోని ప్రాచీన తీరా ప్రదర్శనశాలలోను ఉన్నాయి. వాటిలో ఒకటి నీలిరంగు కోతుల చిత్రము. ఏజియన్ దీవులలో కోతులు లేవు కనుక ఇవి ఆఫ్రికా కోతులని చాలాకాలము అనుకొన్నారు. తోకను పైకెత్తి వంచి ఉంచే తీరు, కాళ్ళ పొడవు పరిశీలించి, ఇవి భారత ఉపఖండపు కొండముచ్చులని 2020లో ప్రచురింపబడిన ఒక అధ్యయనము వాదించింది. అదే నిజమైతే ఆ చిత్రకారులకు, లేదా వారికి నమూనా ఇచ్చినవారికి, మూడున్నర వేల ఏళ్ళ క్రిందటే మన దేశపు జంతువులతో ఏదో ఒక రీతి పరిచయము ఉన్నట్లే.

'''పిర్గోస్, ఎంపోరియో''': వెనిస్ వారి కాలపు కోట గ్రామాలు. సముద్రపు దొంగల భయము వలన ఇళ్ళ వెనుకగోడలే కోటగోడగా కట్టుకొన్నారు. పిర్గోస్ ఎత్తు నుండి ద్వీపములోని తోటలన్నీ ఒకేసారి కనబడతాయి. గుడ్ ఫ్రైడే రాత్రి ఈ గ్రామపు కప్పుల మీద, గోడల మీద వేలకొలది చిన్న డబ్బాలలో మంటలు వెలిగిస్తారు.

'''ప్రాచీన తీరా''': మేసా వూనో అనే కొండ మీద ఉన్న నగర శిథిలాలు. క్రీ.పూ. 9వ శతాబ్ద ప్రాంతములో స్పార్టా నుండి వచ్చినవారు స్థాపించారని ప్రతీతి. ఉత్తర ఆఫ్రికాలోని సైరీన్ నగరమును క్రీ.పూ. 630 ప్రాంతములో నెలకొల్పినది ఇక్కడి నుండి వెళ్ళినవారే. కొండకు ఇరువైపులా కమారి, పెరిస్సా అనే నల్ల ఇసుక తీరాలు ఉన్నాయి.

'''ఫిరా, ఈయా''': ఫిరా ద్వీపపు ముఖ్యపట్టణము. పాత రేవు నుండి పైకి రావడానికి తీగమార్గము, 580కి పైగా మెట్లు ఉన్నాయి. మెట్ల మీద గాడిదల సవారీ ఉన్నను, బరువుల వలన అవి పడే బాధపై విమర్శలు వచ్చి, 2018లో గ్రీసు ప్రభుత్వము 100 కిలోలకు మించిన బరువు మోయించరాదని నియమము చేసింది. ఫిరా నుండి ఈయా (ఓయా అనియు వ్రాస్తారు) వరకు కొండ అంచు వెంబడి సుమారు 10 కిలోమీటర్ల కాలిబాట కలదు. సూర్యాస్తమయ వేళ ఈయాలో నిలబడడానికి కూడా చోటు దొరకదు. అదే దృశ్యము ఇమెరోవిగ్లి నుండి, పిర్గోస్ నుండి ప్రశాంతముగా చూడవచ్చును.

'''నియా కమేని, పాలియా కమేని''': కాల్డెరా మధ్యలో లావా పేరుకొని ఏర్పడిన దీవులు. అగ్నిపర్వతము చివరిసారి 1950లో నియా కమేనిపై ప్రేలింది. పడవలో వెళ్ళి పొగలు చిమ్మే ముఖద్వారము వరకు నడవవచ్చును.

అక్రోతిరి దగ్గరి ఎర్రతీరము అందమైనదే గాని, పైనుండి రాళ్ళు విరిగి పడే ప్రమాదము ఉన్నందున హెచ్చరిక పలకలను పాటించాలి.

== ఆహారము ==

ద్రాక్షకు పనికివచ్చిన నేలే మరికొన్ని పంటలకు ప్రత్యేక రుచి నిచ్చింది. నీరు లేకుండా పండే చిన్న టమాటా, తెల్ల వంకాయ, కేపర్ మొగ్గలు, ఫావా ముఖ్యమైనవి. ఇక్కడి ఫావా అనగా చిక్కుడు జాతి ఫావా గింజ కాదు. లాథిరస్ క్లైమెనమ్ అనే మొక్క గింజలను పొట్టు తీసి బద్దలు చేసిన పసుపుపచ్చని పప్పు. మన దేశములో ఖేసరి పప్పు, తెలుగునాట లంకపప్పు అని పిలువబడేది దీనికి దగ్గరి చుట్టమే. ఫావాను మెత్తగా ఉడికించి, మెదిపి, పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి వడ్డిస్తారు. తెలుగువారికి ముద్దపప్పు గుర్తుకు రాక మానదు. శాకాహారులకు ద్వీపములో ఇది నమ్మదగిన వంటకము. టమాటా కర్మాగారాలు ఒకప్పుడు ద్వీపపు ప్రధాన పరిశ్రమ. వ్లిఖాదాలో మూతపడిన ఒక కర్మాగారము ఇప్పుడు ప్రదర్శనశాల అయినది.

== ప్రయాణ వివరాలు ==

ఏథెన్సు నుండి విమానములో ముక్కాలు గంట ప్రయాణము. విమానాశ్రయము మోనోలితోస్ వద్ద ఉన్నది. పిరేయస్ రేవు నుండి అతినియోస్ రేవుకు ఓడ వేగమును బట్టి 5 నుండి 8 గంటలు పడుతుంది. భారత పౌరులకు షెంజెన్ వీసా అవసరము. ద్వీపములో బస్సులన్నీ ఫిరా కేంద్రముగా నడుస్తాయి. రోడ్లు ఇరుకు, మలుపులు ఎక్కువ. వైన్‌శాలలకు వెళ్ళేవారు స్వయముగా వాహనము నడపక, బస్సునో అద్దెకారునో ఆశ్రయించడము క్షేమము. తోటలు పచ్చగా ఉండే మే, జూన్ మాసాలు, కోత జరిగే ఆగస్టు ఈ ప్రాంతమును చూడడానికి అనువైనవి. ఆగస్టులో ఎండ, జనసమ్మర్దము రెండూ తీవ్రముగా ఉంటాయి.

== తగ్గుతున్న తోటలు ==

1956 జూలై 9న సంభవించిన భూకంపములో 50 మందికి పైగా మరణించగా, ఇళ్ళు కోల్పోయిన అనేక కుటుంబాలు ఏథెన్సుకు వలసపోయినవి. తరువాతి దశాబ్దాలలో పర్యాటకము ద్వీపమును తిరిగి నిలబెట్టినది. అదే తోటలకు పోటీ అయినది. రాతిగట్ల మధ్య ఒక పొలము ఏళ్ళ తరబడి ఇచ్చే ద్రాక్ష కంటే, అదే పొలములో కట్టిన నాలుగు గదులు ఒక వేసవిలో ఇచ్చే అద్దె ఎక్కువ. యువకులు హోటళ్ళలో కుదురుకొనగా, గంప అల్లడము తెలిసినవారు వృద్ధులవుతున్నారు. ప్రస్తుతము తోటల విస్తీర్ణము సుమారు వెయ్యి హెక్టార్లు. వర్షాలు లేక 2023, 2024 సంవత్సరాలలో దిగుబడి బాగా పడిపోయింది. గ్రీసులో అత్యంత ఖరీదైన ద్రాక్ష ఇదే అయినను, పండ్లు అరుదైనందున పెరిగిన ఆ ధర సాగు విస్తరించుటకు ఇంతవరకు చాలలేదు.

జనసమ్మర్దమును తగ్గించుటకు రోజుకు 8,000 మంది ఓడ ప్రయాణికులనే పరిమితి ఏర్పడినది. 2025 జూలై నుండి వేసవి రద్దీకాలములో విహారనౌకల ద్వారా దిగేవారిపై తలకు 20 యూరోల రుసుము విధింపబడుతోంది. ఆ సంవత్సరమే జనవరి చివర నుండి శాంటోరినికి, అమోర్గోస్ ద్వీపానికి మధ్య సముద్రగర్భములో వేలకొలది ప్రకంపనలు వచ్చాయి. ఫిబ్రవరి 10న వచ్చిన 5.3 తీవ్రత గలది వాటిలో పెద్దది. పది వేలకు పైగా జనము తాత్కాలికముగా ద్వీపము విడిచి వెళ్ళారు. తీగలను కత్తిరించి గంపలు అల్లే కాలము కూడా అదే.

రైతులలో ఇప్పుడు రెండు అభిప్రాయాలు ఉన్నాయి. తీగలను వరుసలుగా తంతులపై ప్రాకించి, బొట్టుబొట్టుగా నీరు ఇస్తే పని తేలికై యువకులు మిగులుతారని కొందరు అటువంటి తోటలు వేస్తున్నారు. గాలికి ఎదురుగా లేచిన తీగ ఈ ద్వీపములో నిలువదని, గంప పోతే అస్సిర్తికో రుచియు మారుతుందని మిగిలినవారి వాదన. ఎపిస్కోపి గోనియా నుండి కమారి వైపు వెళ్ళే దారిలో ఈ రెండు రకాల తోటలను ప్రక్కప్రక్కనే చూడవచ్చును.